నేను కొట్టించిన చప్పట్లు

మా పార్టీ నగర అధ్యక్షుడు దిగిపోవాలని కోరుకోని మనిషి వరంగల్‌లో ఒక్కడే ఉండేవాడు. అది ఆయనే. ఆయన ఇంటి వాచ్‌మన్ కూడా మా వైపే. గేటు దగ్గర మమ్మల్ని నిలబెట్టినప్పుడల్లా "జర ఓపిక పట్టున్రి అన్నా, సారు బాత్రూంల ఉన్నడు" అని చెప్పి తనే సిగ్గుపడేవాడు. పొద్దున ఎనిమిదికి పోయినా బాత్రూమే, సాయంత్రం ఆరుకు పోయినా బాత్రూమే. ఫోన్ చేస్తే పీఏ ఎత్తి అదే మాట. ఒక మనిషి అన్ని గంటలు బాత్రూంలో ఉంటే ఎవరైనా దవాఖానకు తీసుకుపోతారు. మేం ఆయన్ని తొమ్మిదేళ్లు అధ్యక్షుడిగా ఉంచుకున్నాం.

నేను మైకు మనిషిని. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశాను. మానేశాను అనడం నా గౌరవం కోసం. బడే నన్ను మానేసింది. "నీకు నోరు తప్ప ఏం లేదుర" అని లెక్కల సారు తిట్టి పంపించాడు. సరే, ఉన్నదాంతోనే బతుకుదాం అనుకున్నాను. చీరల సేల్ ఆటోలో నా గొంతే, ఎగ్జిబిషన్ వస్తే నా గొంతే. మేడారం జాతర వచ్చిందంటే నాలుగు రోజులు అక్కడే మకాం, తప్పిపోయినవాళ్ల గుర్తులు మైకులో చెప్పడం. "పచ్చ చీర కట్టుకున్న అవ్వ, ఊరు కేసముద్రం దగ్గర, కొడుకు పేరు అడిగితే కోపానికొస్తాంది, ఎవరి అవ్వనో జల్ది వచ్చి తోలుకపోన్రి" అని నేను అరిస్తే జనం నవ్వేవాళ్లు, పక్కన కూర్చున్న అవ్వ కూడా నవ్వేది.

పార్టీలోకి ముందు నా గొంతు పోయింది, దాని వెనక నేను పోయాను. పదిహేనేళ్లుగా వరంగల్, హన్మకొండ, కాజీపేటలో మా పార్టీ మీటింగ్ ఎక్కడ జరిగినా మైకు నాదే.

ఈ పనిలో ఒక కిటుకు ఉంది. జనం వాళ్లంతట వాళ్లు చప్పట్లు కొట్టరు. పదింటికి రమ్మని ఒంటిగంటకు మొదలుపెట్టిన మీటింగ్‌లో, ఉక్కపోతలో, ఖాళీ కడుపుతో కూర్చున్నవాడు ఎందుకు కొడతాడు? కొట్టించాలి. మాట్లాడేవాడి వాక్యం ఎక్కడ ముగుస్తుందో చెవితో పట్టుకోవాలి. అది ముగియగానే ఒక్క గుక్క ఆగాలి. అప్పుడు మైకును పెదాలకు ఆనించి "గట్టిగా!" అనాలి. ఆ మాట పూర్తయ్యేలోపే చేతులు లేస్తాయి. ఒకాయన గురక పెడుతూ చప్పట్లు కొట్టడం నేను కళ్లారా చూశాను. అధ్యక్షుడు మాట్లాడుతూ మాట్లాడుతూ నీళ్లు తాగడానికి ఆగితే, దానికి కూడా కొట్టించాను. పైగా దాన్ని తలుచుకుని నవ్వుకున్నాను. నా పనితనం చూసి నేనే మురిసిపోయిన రోజులవి.

ఇక అక్క సంగతి. అక్క నాకు తోడబుట్టింది కాదు. హన్మకొండలో మురికినీళ్లు పోయే నాలా పక్కన పల్లంలో ఉన్న ఒక కాలనీలో జాకెట్లు కుడుతుంది. మా పార్టీలో ఆడవాళ్లకు ఇచ్చే పనులు రెండు: ముందు వరుసలో కూర్చోవడం, నాయకుడు కారు దిగగానే మంగళహారతి పట్టుకోవడం. అక్క ఆ రెండూ చేసి, తర్వాత వెళ్లి అసలు పని చేసేది. ఎవరి పింఛను ఆగిందో, ఎవరి ఓటు లిస్టులోంచి పోయిందో కాగితం చూడకుండా చెప్పేది.

వానలు ఆగకుండా పడిన ఒక ఏడాది నాలా పొంగి కాలనీలో నడుము లోతు నీళ్లు నిలిచాయి. అక్క తన కుట్టు మిషన్‌ను మంచం మీదికి ఎక్కించి బయటికి వచ్చింది. ముసలివాళ్లకు, పిల్లలకు తాడు పట్టించి ఒక్కొక్కరినే బడి మేడ మీదికి చేర్చింది. రెండు రోజులు అక్కడే వంట పెట్టించింది. మా అధ్యక్షుడు మూడో రోజు వచ్చాడు, నీళ్లు తీసిన తర్వాత. ఫొటోకు నీళ్లు చాలవని కాలనీ చివరి గుంట దాకా నడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గుంటలో దిగి నిలబడ్డాడు. పక్కన ఒక ముసలమ్మ ఉంటే బాగుంటుందన్నాడు ఫొటోగ్రాఫర్. "నేను మొన్ననే తడిసిన బిడ్డా, ఇగ చాలు" అని ఆమె వెళ్లిపోయింది.

అప్పటి నుంచి అక్క అడిగేది ఒక్కటే. నాలాకు కాలనీ వైపు ఒక గోడ. ప్రతి ఎండాకాలం అర్జీ పెట్టేది. రాష్ట్రంలో మా పార్టీయే ప్రభుత్వంలో ఉంది గనుక, నగర అధ్యక్షుడి లెటర్ లేకుండా ఆఫీసులో ఏ అర్జీ కదలదు. అధ్యక్షుడు బాత్రూంలోంచి బయటికి రానిదే లెటర్ లేదు. ఆయన వచ్చేసరికి వానాకాలం వచ్చేది.

మా మీద జనానికి ఎంత విసుగు పుట్టిందో కార్పొరేషన్ ఎన్నికల్లో తెలిసింది. చిత్తుగా ఓడిపోయాం. అధ్యక్షుణ్ని మారుస్తారని, హైదరాబాద్ నుంచి ఒక పరిశీలకుడు వచ్చి కార్యకర్తల అభిప్రాయం అడుగుతాడని కబురు వచ్చింది. పార్టీ ఆఫీసు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో నలభై మందిమి కూర్చున్నాం. కొత్త అధ్యక్షుడు ఎవరు కావాలి అంటే, ప్రతివాడి మనసులో మొదటి పేరు వాడిదే. అందరి మనసులో రెండో పేరు మాత్రం అక్కది. మొదటి పేర్లు ఒకదాన్నొకటి కొట్టేసుకునేసరికి మూడు చాయ్‌లు అయ్యాయి, రెండో పేరు మిగిలింది.

"ఆడమనిషి చేతికింద పనిచేసుడా?" అన్నాడు ఒక డివిజన్ నాయకుడు.

"ఇంట్ల చేస్తలేవా అన్నా? జీతం గూడ ఆమె చేతులనే పెడ్తవట గదా" అన్నాను. హోటలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి ఒప్పుకున్నాడు.

పాన్‌డబ్బా నడిపే ఆయన్ని అందరం కాక అంటాం, మా అందరిలోకి పెద్దవాడు. ప్లాన్ ఆయనే వేశాడు. "ఇగో సూడు పోరడా, ఆ వచ్చేటాయన ఎవల్ని పెడ్దాం అని అడుగుతడు. గప్పుడు నువ్వు అక్క పేరు చెప్పాలె. మైకు నీ చేతులనే ఉంటది. నువ్వు చెప్పుడే ఆలస్యం, మేమందరం చేతులెత్తుతం. ఎవడన్న ఎత్తకపోతే వానికి నా డబ్బల పాన్ బంద్."

అందరూ సమ్మక్క మీద ఒట్టు వేశారు. నేను వెళ్లి అక్కకు చెప్పాను. ఆమె కుడుతున్న కాజా పూర్తి చేసి దారం తెంపింది. తర్వాత అంది, "నాకు పదవెందుకు తమ్మీ. ఆ లెటర్‌ప్యాడ్ ఒక్కటి నా చేతికొస్తే సాలు. పొద్దున రాస్త, మాపటికి ఆఫీసుల ఇస్త."

"ఏం ఫికర్ చెయ్యకక్కా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప మీద నేనే ఒకటి వేసుకోవాలనిపిస్తుంది.

మీటింగ్ ఒక ఫంక్షన్ హాల్లో. పరిశీలకుడు తెల్లచొక్కా, నల్లద్దాలు నెత్తి మీద, కళ్లు ఫోన్‌లో. అధ్యక్షుడు తన త్యాగాల గురించి ముప్పావుగంట మాట్లాడాడు. నేను మామూలుగానే పది, పన్నెండు సార్లు చప్పట్లు కొట్టించాను. దిగిపోయేవాడే గదా, ఆఖరిసారి తిననీ అనుకున్నాను. అక్క మూడో వరుసలో కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. ఆ చీర మీద కంటే ఎక్కువ ఇస్త్రీ మడతలు నా మనసులో పెట్టుకుని ఉన్నాను. ఏ మాట తర్వాత ఏ మాట అనాలో అన్నీ సర్దుకున్నాను.

పరిశీలకుడు లేచి ఒక కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. "మన నగర శాఖ సమావేశం, పార్టీ విశాల ప్రయోజనాలను దృష్టిలో ఉంచుకొని, నూతన అధ్యక్షుని ఎంపికకు సంబంధించిన సర్వాధికారాలను, పార్టీకి విశేష సేవలందించిన ప్రస్తుత అధ్యక్షులవారికే అప్పగిస్తూ..."

ఇప్పుడు రాస్తుంటే ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తోంది. అప్పుడు వినపడలేదు. ఎనిమిదో తరగతిలో సగం చదివినవాడు 'విశాల ప్రయోజనాలు' దగ్గరే దారి తప్పుతాడు. నేను ఆయన ఏం చదువుతున్నాడో వినడం లేదు, ఆ వాక్యం ఎక్కడ ముగుస్తుందా అని వింటున్నాను. ముగిశాక 'ఎవరిని పెడదాం' అని అడుగుతాడు, నేను అక్క పేరు చెప్తాను. అదీ నా లెక్క.

"...ఏకగ్రీవంగా తీర్మానిస్తున్నది."

వాక్యం ముగిసింది. ఒక్క గుక్క ఆగాను. పరిశీలకుడు నా వైపు చూసి గడ్డం కొంచెం పైకి ఎత్తాడు. పదిహేనేళ్ల అలవాటు. నా నోరు నన్ను అడగలేదు.

"గట్టిగా!"

హాలు దద్దరిల్లింది. పాన్‌డబ్బా కాక కొట్టాడు. ఒట్టు వేసిన నలభై మందీ కొట్టారు. మూడో వరుసలో అక్క కూడా కొట్టింది.

"మంచిది. అందరూ ఆమోదించిండ్రు" అని పరిశీలకుడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అధ్యక్షుడు మళ్లీ లేచాడు. మీరు నా మీద ఉంచిన నమ్మకాన్ని వమ్ము చేయను అంటూ మొదలుపెట్టి, తన బామ్మర్దిని కొత్త అధ్యక్షుడిగా ప్రకటించాడు. బామ్మర్ది బావ ఇంటి మేడ మీదే ఉంటాడు, ప్లైవుడ్ దుకాణం నడుపుతాడు. మా పార్టీ ఆఫీసు ఏ గల్లీలో ఉందో ఆయనకు తెలుసో తెలియదో. స్టేజీ వెనక నుంచి దండ వచ్చింది. దాని వెనకే ఇద్దరు మనుషులు ఒక పెద్ద ఫ్లెక్సీ చుట్ట తెచ్చి విప్పారు. "నూతన నగర అధ్యక్షులకు శుభాకాంక్షలు" అని, బామ్మర్ది చేతులు జోడించి నవ్వుతున్న ఫొటో. ఫ్లెక్సీ కొట్టించడానికి ఎంత లేదన్నా ఒక పూట పడుతుంది. అంటే మేం హాల్లోకి వచ్చి కుర్చీలు వెతుక్కోకముందే అధ్యక్షుడు అచ్చయిపోయి ఉన్నాడు. మమ్మల్ని పిలిచింది ఆ చప్పుడు కోసం.

నేను మైకులో అరిచాను. "సార్, ఒక్క నిమిషం! మాదొక పేరున్నది సార్!"

పరిశీలకుడు ఫోన్‌లోంచి తలెత్తి, "ఇప్పుడే గదయ్యా నువ్వే చప్పట్లు కొట్టించినవ్. చాల్తియ్ నీ జోకులు" అన్నాడు.

హాలంతా నవ్వింది. నేను నోరు తెరిస్తే నవ్వాలని వాళ్లకు నేర్పింది కూడా నేనే. ఇంకోసారి "జోకు గాదు సార్" అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. ఎవరో మైకు వైరు పీకేశారు.

ఆ మధ్యాహ్నం అదే చాయ్ హోటల్లో కొట్టుకున్నంత పని అయింది.

"నీ నోరు పాడుగాను, ఎందుకు కొట్టిపిచ్చినవ్ ర?" అన్నాడు కాక.

"నేను నోటితోని అన్న. చేతులు నావా కాకా?"

"నువ్వంటే కొడ్తం! పదిహేనేండ్ల సంది కొడ్తానం. ఎందుకని ఎన్నడన్న అడిగినమా?"

నా ఎదురుగా కూర్చున్న డివిజన్ నాయకుడు మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "పోనీ తీయిన్రి, బామ్మర్ది మంచోడేనట. ఫోన్ ఎత్తుతడట." ఆయన ఫోన్ బల్ల మీద ఉంది. తీసి చూశాను. వాట్సాప్ స్టేటస్‌లో బామ్మర్దితో సెల్ఫీ అప్పటికే పెట్టేశాడు. హాల్లోంచి హోటల్ దాకా నడిచిన ఆ కాస్త దూరంలోనే! నేను చాయ్ గ్లాసు నేలకేసి కొట్టాను. హోటలాయన నా దగ్గర గ్లాసుకు ఏమీ తీసుకోలేదు గానీ, ఆ తర్వాత వారం రోజులు నాకు చాయ్ ప్లాస్టిక్ కప్పులోనే ఇచ్చాడు.

ఇక్కడ ఒక మాట నేరుగా చెప్పాలి. దిగిపోయేవాడే ఎక్కేవాణ్ని ఎంచుకుంటే అసలు దిగడం దేనికి? కుర్చీ అదే, ఇల్లు అదే, గేటు అదే, వాచ్‌మన్ అతనే. ఊరి పంచాయితీలో తప్పు చేసినవాడితోనే తీర్పు చెప్పించే పెద్దమనిషిని నేను చూడలేదు. మా పార్టీలో మాత్రం ఊరంతా ఛీ అన్నవాణ్నే పిలిచి, "నీ తర్వాత ఎవరు బాబూ" అని అడుగుతారు. దానికి సాక్షి సంతకాలు మేం పెడతాం, చేతులతో. కోపం ఆయన మీద ఎంత ఉందో, మా చేతుల మీద అంతకు రెండింతలు ఉంది. నా నోటి మీద ఎంత ఉందో చెప్పలేను.

మర్నాడు అక్క ఇంటికి పోయాను. మిషన్ తొక్కుతోంది. తల ఎత్తలేదు.

"అక్కా, తప్పయింది."

"కూసో."

"తిట్టక్కా. చెప్పు తీసుకొని కొట్టు. కొత్తదైతే అరుగుతది, పాతదే తీసుకో."

మిషన్ ఆగింది. "జోకు చెయ్యకు తమ్మీ" అంది. నన్ను ఆ గొంతుతో ఆమె ఎప్పుడూ పిలవలేదు. "నా పేరు ఎప్పుడు చెప్తవా అని నిన్నే సూస్తాన. ఆయన ఏం సదువుతాండో నేను గూడ ఇనలే. నువ్వన్నవ్, కొట్టిన. నా చేతులతోని నేనే కొట్టుకున్న. రాత్రంత సేతులు గుంజినట్టే ఉన్నయి."

గోడ మీద, ఆ ఏడాది నీళ్లు నిలిచిన ఎత్తున మట్టి గీత ఇంకా ఉంది. రెండుసార్లు సున్నం వేసినా పోలేదట.

"వానలకు ఇంక నెల గూడ లేదు" అంది అక్క. "రేపు కొత్తాయన ఇంటికి పోతాన. నువ్వు గూడ రా."

"ఆయనింటికా? శాలువా గూడ కప్పుతవా?" నాకు ఒళ్లు మండింది.

"కప్పుత. గోడ కట్టిస్తనంటే హారతి గూడ పడ్త. నీకు రోషముంటది తమ్మీ. నా ఇంట్లకు నీళ్లొస్తయి."

పోయాం. బామ్మర్ది తొందరగానే బయటికి వచ్చాడు, అది ఒప్పుకోవాలి. అక్క శాలువా కప్పింది. గోడ సంగతి, ఎన్ని అర్జీలు పెట్టిందీ అంతా చెప్పింది. ఆయన మర్యాదగానే విన్నాడు.

"తప్పకుండ సూద్దామక్కా. బావనొక్క మాట అడగాలె. అసలు లెటర్‌ప్యాడే ఇంక ప్రింటు గాలే."

"ఫ్లెక్సీ అయింది గదన్నా. దాని ఎనక రాసియ్యి" అన్నాను.

ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "అబ్బ, ఏం నోరే నీది! వచ్చే నెల సన్మాన సభ ఉన్నది, మైకు నీదే" అని నా భుజం తట్టాడు.

"నవ్వకు అన్నా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను నవ్వుకు అంటలేను. ఈమె ఇంట్ల నడుము దాక నీళ్లొచ్చినయి. మీ బావ గుంటల నిలబడి ఫొటో దిగిండు. నువ్వు ప్లైవుడ్ అమ్ముకుంటవ్, నీ దుకాణంలకు నీళ్లొస్తే సరుకు ఉబ్బుతది. గీళ్ల ఇండ్లల్ల మనుషులు ఉబ్బుతరు. మైకు ఇంకోన్ని సూసుకో."

ఎవరూ నవ్వలేదు. బామ్మర్ది మొహం మాడ్చుకుని లోపలికి వెళ్లాడు. బాత్రూంకే అయ్యుంటుంది, ఆ ఇంటి ఆచారం.

మెట్లు దిగుతూ అక్క నన్ను మెచ్చుకోలేదు. "అయిపోయిందా నీ కోపం? ఆ లెటర్ ఇగ పదేండ్లకు గూడ రాదు" అంది. రెండు మెట్లు దిగాక ఆగింది. "ఆ నలభై మందికి ఫోన్లు చెయ్యి. సోమారం పొద్దున కార్పొరేషన్ ఆఫీసు ముంగట కూసుందాం. లెటర్ లేకున్న ఇంజనీరు వచ్చి నాలా సూస్తడా లేదా సూద్దాం."

అందరికీ ఫోన్ చేశాను. ఒకరికి ములుగులో పెళ్లి, ఒకరికి మోకాలి నొప్పి. డివిజన్ నాయకుడి భార్య ఎత్తి, ఆయన బాత్రూంలో ఉన్నాడని చెప్పింది. సోమవారం నాతో కలిపి పదకొండు మంది వచ్చారు. కాక పాన్‌డబ్బా మూసి వచ్చాడు. ఆఫీసు మెట్ల ముందు నేల మీద కూర్చున్నాం. జెండా తేవద్దని అక్క ముందే చెప్పింది.

ఇంజనీరు వరండాలోకి వచ్చాడు. "ఏందమ్మా ఈ లొల్లి? మీ ప్రెసిడెంట్ లెటర్ తెచ్చిండ్రా?"

"లెటర్ లేదు సారూ. గోడ గూడ లేదు. నాలా ఉన్నది, వానలొస్తానయి. ఒక్కసారొచ్చి సూడున్రి."

"లెటర్ లేకుంట నేనెట్ల వస్తనమ్మా?"

"అయితే మీరు కుర్సీల కూసోన్రి. మేము ఈడ కూసుంటం."

ఎండ ఎక్కింది. "ఏమన్న మాట్లాడ్రా, పొద్దు పోతది" అన్నాడు కాక. నాకు మాట్లాడబుద్ధి కాలేదు. అన్నం వేళకు, సారు వెనక తలుపులోంచి వెళ్లబోతున్నాడని అటెండరు వచ్చి చెవిలో చెప్పాడు. అక్క లేచి, చీర దులుపుకుని, మరో ఐదుగురిని తీసుకుని వెనక తలుపు దగ్గరికి వెళ్లి కూర్చుంది. పన్నెండు మందితో అంత ఆఫీసుకు రెండు తలుపులు కాయడం కష్టమే. నేను మెట్ల మీద కూర్చుని ఫోన్ తీసి, రాని ఇరవై తొమ్మిది మందికీ మొదటి నుంచి మళ్లీ చేయడం మొదలుపెట్టాను, ఎత్తినవాణ్ని ఎత్తినట్టే తిడుతూ.